వానలు పడకముందే ఇంట్లో ఎవరూ తెరవని చోట్లు తెరిచి చూడండి

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమోగానీ బెజవాడలో, గుంటూరులో డాబాల మీద పిట్టగోడలు మాత్రం ఖాయంగా పగులుతాయి. ఆ పగుళ్లు స్పష్టంగా కనపడేది ఇప్పుడే, పూడ్చుకోవడానికి వీలుండేదీ ఇప్పుడే. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే మేస్త్రి దొరకడు. దొరికినా తడిగోడ మీద చేసిన పని నిలవదు.

పాత ఇల్లు కొనేవాళ్లకీ, అద్దెకు దిగేవాళ్లకీ తోడుగా వెళ్లి ఇల్లు చూసిపెట్టడం నా పని. చిత్రమైనవి చాలానే బయటపడుతుంటాయి. చూసి నవ్వుకుని వదిలేస్తారు చాలామంది. అది అక్కడికి ఎలా వచ్చిందని మాత్రం అడగరు. అడిగితే వానాకాలంలో ఆ ఇంట్లో ఏం జరగబోతోందో సగం తెలిసిపోతుంది.

ముందు బావుల సంగతి. బెజవాడ వన్‌టౌన్ సందుల్లో, పాత గుంటూరులో ఒకప్పుడు పెరట్లో బావి లేని ఇల్లు తక్కువ. కుళాయిలు వచ్చాక బావి మీద నాపరాయి పరిచారు. తర్వాత పెరడు వంటగదిలో కలిసిపోయింది, రాయి మీద టైల్స్ పడ్డాయి. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేవాళ్లకు కాళ్ల కింద బావి ఉందనే తెలియదు. పెరటివైపు గదుల్లో నేలను కర్రతో తట్టుకుంటూ వెళ్లండి. ఒకచోట డొల్లగా మోగినా, టైల్స్ కిందికి కుంగినా అక్కడ బరువులు పెట్టకుండా మేస్త్రిని పిలవండి. రాయి తీశాక లోపలికి మనిషిని దించొద్దు. దీపం దించి చూస్తే చాలని పెద్దవాళ్లు చెబుతారు కానీ ఆ పరీక్షను నమ్ముకోలేం. విషవాయువు ఉన్నా దీపం వెలుగుతూనే ఉండొచ్చు, మీథేన్ ఉంటే భగ్గుమనొచ్చు. సెప్టిక్ ట్యాంకు దగ్గర ఇంకా జాగ్రత్త. దాన్ని శుభ్రం చేయడానికి సరైన రక్షణ లేకుండా మనిషిని దించడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రమున్న బండిని పిలిపించండి, వానలకు ముందైతే తొందరగా వస్తుంది.

ఇక కరెంటు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. పాత మీటరు బోర్డు తెరిస్తే ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట మందపాటి రాగి తీగ మెలిపెట్టి ఉంటుంది. ఒక ఇంట్లోనైతే ఏకంగా మేకు కనిపించింది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని విసిగి ఎవరో చేసిన పని అది. ఎందుకు పోతోందో ఎవరూ వెతకలేదు. గోడలో ఎక్కడో వైరు చెమ్మ తాగుతోంది, అంతే.

దీనికన్నా చిత్రమైనది ఎర్తింగ్. పాత ఇళ్లలో ఎర్త్ వైరు తీసుకెళ్లి ఇనుప కుళాయి గొట్టానికి కట్టేవాళ్లు. గొట్టం భూమిలోకి వెళ్తుంది కాబట్టి అప్పట్లో ఎలాగో గడిచిపోయింది. ఆ తర్వాత ప్లంబర్ వచ్చి ఇనుప గొట్టం తీసి ప్లాస్టిక్‌ది వేశాడు. వైరు మాత్రం అలాగే ఉంది, అందంగా చుట్టి, దేనికీ తగలకుండా. ఇంట్లో వాళ్లేమో మూడు పిన్నుల ప్లగ్గు ఉంది కదా అని ధీమాగా గీజరు వాడుకుంటున్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ గుంత ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే కొత్తది వేయించుకోండి. దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించండి. ఫ్యూజు బదులు పెట్టే ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషికి షాక్ కొడితే ఆపేది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది గోడకు అలంకారమే.

బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇల్లు చూసేవాళ్లు మరో పని చేయాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఆ ప్రాంతాలను ముంచేసింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇప్పుడు ఆ ఇళ్లకు రంగులు పడ్డాయి, ఓనరు ‘మా వీధిలోకి పెద్దగా రాలేదండీ’ అంటాడు. వాదించొద్దు. మెయిన్ ఆఫ్ చేయించి, ఎలక్ట్రీషియన్ చేత కింది వరస స్విచ్ బోర్డు ఒకటి విప్పించండి. లోపల మూలల్లో ఎండిపోయిన సన్నటి బురద పొర ఉంటే నీళ్లు అంతవరకూ వచ్చినట్టే. అలమార వెనక గోడ, తలుపు కీలు వెనక చెక్క కూడా చూడండి. రంగు బ్రష్ అక్కడిదాకా పోదు. ఇల్లు నచ్చితే తీసుకోండి, తప్పేమీ లేదు. కానీ సాకెట్లు, ఇన్వర్టరు నీళ్లు వచ్చిన ఎత్తుకు పైన పెట్టించుకోండి, కాగితాలు పై అరలోకి మార్చండి.

మొగల్రాజపురం లాంటి కొండవాలు వీధుల్లో అయితే ఇంటి వెనక రాతిగోడ చూడండి. 2024లో అక్కడ కొండచరియలు పడి ప్రాణాలు పోయాయి. గోడలో నీళ్లు బయటకు రావడానికి వదిలిన గొట్టాలను సిమెంటుతో పూడ్చేసి ఉండటం చాలాచోట్ల కనిపిస్తుంది, మురికి కారుతోందట! ఆ నీళ్లు గోడ వెనకే నిలిచి గోడను తోస్తాయి. పూడ్చినవి తెరిపించండి.

గుంటూరు వైపు నల్లరేగడి. ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు కనిపిస్తే దాని చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. వానల తర్వాత గీత దాటిందంటే ఇంజినీరుకు చూపించాలి. అక్కడే ఇంకొకటి: మంచినీళ్ల గొట్టం ఏ దారిన వస్తోందో వీధిదాకా వెళ్లి చూడండి. మురుగు కాలువలోంచి, పైగా సైకిల్ ట్యూబు చుట్టిన అతుకుతో వస్తుంటే వెంటనే మార్పించాలి. 2018 మార్చిలో కలుషిత నీటి వల్ల గుంటూరులో అతిసారం ప్రబలి జనం చనిపోయారు.

చెదలు మామూలే అనుకుంటాం. బీరువా జరిపితే గోడ మీద పెన్సిలంత లావు మట్టి గొట్టం కనపడుతుంది. వేలితో కాస్త చిదిపి వదిలేయండి, రెండ్రోజుల్లో మళ్లీ అతికిందంటే లోపల చెదలు బతికే ఉన్నాయి. తొలకరికి ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, వీధి లైటు చుట్టూ తిరిగితే ఫర్వాలేదు. ద్వారబంధం సందులోంచి బయటికొస్తుంటే మాత్రం పుట్ట మీ ఇంట్లోనే ఉంది.

అటక మీద పాము కుబుసం దొరికితే ఇల్లంతా టెన్షన్. పాము ఇప్పుడు అక్కడే ఉందని కాదు, రావడానికి దారి ఉందని అర్థం. తూములకు జాలీ బిగించండి, తలుపు కింద సందు మూయండి. వానాకాలం నేల మీద పడుకునేవాళ్లకు దోమతెర తప్పనిసరి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కాటు వేసినా ఒక్కోసారి నొప్పి, గాటు ఏమీ ఉండవు. నిద్రలేచాక రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే మంత్రాల జోలికి పోకుండా 108కి ఫోన్ చేయండి.

నిధుల గురించి కూడా అడుగుతారు. పాత సున్నపు గోడ పగలగొట్టేటప్పుడు చిన్న ముంతలో నాణేలు దొరికితే ఏం చేయాలని. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో గానీ, దాని మీది కట్టడంలో గానీ దాచిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాచుకుంటే ఏడాది దాకా జైలు. మేస్త్రితో చెరిసగం పంచుకుందాం అనే బేరాలు అక్కడితో ఆపేయండి.

చివరగా డాబా. సిమెంటు శ్లాబ్ గట్టిగా ఉంటే తూములకు గుడ్డలు కుక్కి రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలబెట్టి, కింద గదుల్లో చెమ్మ మరక ఎక్కడ వస్తోందో చూసుకోండి. పెచ్చులూడి ఇనుము కనిపిస్తున్న శ్లాబ్ మీదా, టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ మీదా ఈ పరీక్ష వద్దు, ఆ బరువు అవి మోయలేకపోవచ్చు. నీళ్లు పెట్టేముందు తూముల్లో చెయ్యి పెట్టి చూడండి, అందులో టెన్నిస్ బంతి, పాల ప్యాకెట్లు, నిరుడు ఇదే పరీక్షకు కుక్కిన గుడ్డ ఉండటం మామూలే.