ఆంగ్ల వాక్యంలో డైరెక్ట్ ఆబ్జెక్ట్ చిక్కులు: సమస్య – పరిష్కారం

సమస్య: వాక్యంలో డైరెక్ట్ ఆబ్జెక్ట్, అంటే ప్రధాన కర్మ, ఏదో తేల్చుకోలేకపోవడం.

కారణం: తెలుగులో కర్మను ద్వితీయా విభక్తి పట్టిస్తుందని మన నమ్మకం. 'రైతు గిత్తను కొన్నాడు' అన్నప్పుడు 'ను' కనిపిస్తుంది గాని, 'రైతు పొలం కొన్నాడు' అన్నప్పుడు కనిపించదు. ఆంగ్ల నామవాచకానికి అటువంటి ప్రత్యయమే లేదు. క్రియ తరువాతి స్థానమే దానికి గుర్తు. 'గిత్తను రైతు కొన్నాడు' అని పదాలు తిప్పినా మనకు అర్థం చెడదు, కాని 'ద ఫార్మర్ బాట్ ద బుల్' అన్న వాక్యాన్ని అలాగే తిప్పితే ఒంగోలు గిత్తే రైతును కొనుక్కుపోతుంది.

పరిష్కారం: క్రియను పట్టుకొని 'దేనిని?', 'ఎవరిని?' అని ప్రశ్నించాలి. 'ఏమి?' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. 'హర్ బ్రదర్ బికేమ్ ఎ డాక్టర్' అన్న వాక్యంలో 'ఏమయ్యాడు?' అంటే 'డాక్టర్' అని జవాబు వస్తుంది గాని, అది కర్తనే వర్ణించే పదం, కర్మ కాదు. అనుమానం తీరకపోతే వాక్యాన్ని పాసివ్ వాయిస్‌లోకి, అంటే కర్మను ముందు నిలిపే కర్మణి వాక్యంలోకి, మార్చి చూడాలి: 'ద బుల్ వాజ్ బాట్' నిలుస్తుంది, 'ఎ డాక్టర్ వాజ్ బికమ్' నిలవదు. ఈ పరీక్షకూ మినహాయింపులున్నాయి. 'హీ హ్యాజ్ ఎ కార్' అన్నచోట కారు కర్మే అయినా వాక్యం పాసివ్‌లోకి మారదు.

సమస్య: 'వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద ఫీజ్', 'ఐ రీచ్డ్ టు సింగరాయకొండ' వంటి వాక్యాలు. నెల్లూరు, ఒంగోలు వైపు బాగా చదువుకున్నవారి నోటా ఇవి వినబడతాయి.

కారణం: 'నిన్, నున్, లన్, కూర్చి, గురించి' అని బడిలో వల్లె వేసిన ద్వితీయా విభక్తిలోనే 'గురించి' ఉన్నది కనుక, ఫీజు గురించి చర్చించామన్న వాక్యానికి 'అబౌట్' తోడు వస్తుంది, సింగరాయకొండకు చేరామన్న 'కు' పోయి 'టు' అవుతుంది. 'డిస్కస్', 'రీచ్' క్రియలకు కర్మ నేరుగా అతుకుతుంది. ఇందుకు ఎదురుగా, 'పాట విన్నాను' అనే అలవాటు 'లిజన్' పక్కన ఉండవలసిన 'టు'ను ఎగరగొడుతుంది.

పరిష్కారం: ఏ క్రియనూ ఒంటరిగా కాక, చిన్న వాక్యంతో కలిపి నేర్చుకోవాలి. నిఘంటువులో అది ట్రాన్సిటివ్‌గా (కర్మను నేరుగా తీసుకొనేదిగా) ఉందో, ఇంట్రాన్సిటివ్‌గా (అలా తీసుకోనిదిగా) ఉందో చూడడం నిమిషం పని.

సమస్య: 'డిడ్ యూ లైక్ ద ఫిష్ కర్రీ?' అంటే 'యెస్, ఐ లైక్డ్' అని ఆగిపోవడం.

కారణం: 'చేపల పులుసు నచ్చిందా?' అంటే 'నచ్చింది' అన్న ఒక్క మాట మనకు చాలు. పైగా ఈ తెలుగు వాక్యంలో పులుసే కర్త; ఆంగ్లంలో తిన్న మనిషి కర్త, పులుసు కర్మ.

పరిష్కారం: 'ఐ లైక్డ్ ఇట్' అని సర్వనామంతో ముగించాలి.

ఒకే వాక్యంలో రెండు కర్మలు వస్తే కంగారు అక్కరలేదు. 'షీ గేవ్ మీ ఎ బుక్' అన్నప్పుడు, ఇచ్చినది పుస్తకం కనుక అదే డైరెక్ట్ ఆబ్జెక్ట్. 'నాకు' అని అర్థమిచ్చే 'మీ' ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్. 'ఎక్స్‌ప్లెయిన్' మాత్రం ఈ వరుసకు ఒప్పుకోదు: 'ఎక్స్‌ప్లెయిన్ మీ ద లెసన్' తప్పు, 'ఎక్స్‌ప్లెయిన్ ద లెసన్ టు మీ' అనాలి.