బొమ్మ చదవడం – 4వ పాఠం: చూసే కన్ను ఎవరిది?

పోయిన పాఠంలో అనుకున్నట్టు నల్లగొండ పక్కనున్న పానగల్లు వెళ్లి, పచ్చల సోమేశ్వరాలయంలో ఒక్క శిల్పం ముందు అరగంట కూర్చుని, కనబడిందల్లా రాసుకొచ్చారు కదా. ఆ కాగితం తీయండి. ఈ వారం దాన్నే చదువుదాం.

ముందు నా కాగితం. మాది పుట్టపాక వైపు నేత కుటుంబం. స్త్రీమూర్తి గురించి నేను రాసిన 12 వాక్యాల్లో 7 వస్త్రం గురించే: అంచు, మడతలు, నడుము కట్టు. చేతిలో ఏం పట్టుకుందో ఒక్క ముక్క లేదు! నాతో వచ్చిన పూజారిగారి అబ్బాయి ఆయుధాలూ ముద్రలూ పొల్లుపోకుండా రాశాడు. బట్ట సంగతే ఎత్తలేదు. ఇద్దరం నిజమే రాశాం.

పెద్ద పండితులకూ ఇది తప్పలేదు. ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ మాల్ సాహిత్యం చదివినవాడు. 1898లో 13వ శతాబ్దపు చర్చి శిల్పాలను వివరిస్తూ, ఆ కాలపు విజ్ఞాన సర్వస్వం ఒకదాని వరసనే పట్టుకున్నాడు. గుడి ఆయనకు గ్రంథంలా కనబడింది. గ్రంథంలో ఇమడని ఆకులూ తీగలూ వింత జంతువులూ చాలావరకు అలంకారమేనన్నాడు. అమెరికా కళాచరిత్రకారుడు మేయర్ షాపిరో 1904లో లిథువేనియాలో యూదు కుటుంబంలో పుట్టి, న్యూయార్క్ శ్రామికవాడలో పెరిగాడు, మార్క్స్‌ను చదివాడు. స్పెయిన్‌లోని సిలోస్ మఠంలో, క్రీస్తు గాయాన్ని శిష్యుడు థామస్ తాకి చూసే శిల్పానికి పైన, మూలగా వాద్యకారులున్నారు. 1939లో షాపిరో ఆ మూలనే పట్టుకున్నాడు: మఠం గోడ మీదికి పట్టణపు లౌకిక జీవితం ఎక్కి కూర్చుందన్నాడు.

పుట్టుక తెలిసింది కాబట్టి మాట కొట్టేద్దామనుకోకండి. అది సోమరి పని. వాద్యకారులు రాయిలో ఉన్నారా? ఉన్నారు. వాళ్లకు ఆయన చెప్పిన అర్థం నిలుస్తుందా అన్నది వేరే తగువు, దాన్ని రాయి ముందే తేల్చుకోవాలి.

ఇక మీ పని. కాగితంలో ఇంటి నుంచి వచ్చిన మాటలకు సున్నా చుట్టండి, చదువు నుంచి వచ్చిన వాటి కింద గీత గీయండి. ఏ గుర్తూ పడని మాటలు ఎన్ని మిగిలాయో చూడండి. నాకు రెండే మిగిలాయి. తర్వాత మీ వృత్తి కాని మనిషిని, రైతునో మేస్త్రీనో, వెంటబెట్టుకుని అదే శిల్పం దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి. మేస్త్రీ దొరికితే వదలకండి; రాళ్ల అతుకులు ఆయనకు కనబడినట్టు మనకు కనబడవు.

దగ్గర్లోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళితే, గర్భగుడిలో పగలంతా పడే స్తంభం నీడ చూసి తిరిగొచ్చేయకండి. అందరూ నీడ చూస్తారు. వచ్చే పాఠానికి మీరు అక్కడి స్తంభం ఒకటి చూసి రావాలి.