యాప్ స్క్రీన్ డిజైన్ రిజిస్ట్రేషన్: ప్లే స్టోర్‌లో పెట్టకముందే చేయాల్సిన పని

మన యాప్ స్క్రీన్ చూసి ఇంకొకరు అచ్చం అలాంటిదే చేస్తే ఒళ్లు మండుతుంది. కానీ కోర్టులో కోపం చెల్లదు, కాగితం చెల్లుతుంది. తన స్క్రీన్ రూపాన్ని విండోస్‌లో కాపీ కొట్టిందని యాపిల్ 1988లో మైక్రోసాఫ్ట్ మీద కాపీరైట్ దావా వేసి ఓడింది. అదే యాపిల్ శాంసంగ్ కేసులో ఐకాన్ల అమరికకు ముందే తీసుకున్న డిజైన్ పేటెంట్‌ను, అంటే రూపం మీద హక్కిచ్చే అమెరికా పత్రాన్ని కూడా ముందు పెట్టింది. 2018లో జ్యూరీ దాదాపు 53.9 కోట్ల డాలర్ల పరిహారం వేసింది.

మన దగ్గర ఆ కాగితం డిజైన్ల చట్టం, 2000 కింద వస్తుంది. ప్రభుత్వ మేధోసంపత్తి సైట్ ఐపీ ఇండియాలో ఫారం 1 నింపాలి. తరగతి 14-04, అంటే స్క్రీన్ డిస్‌ప్లేలు, ఐకాన్లు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఫీజు 1,000 రూపాయలు, మిగతావారికి 4,000. పరిశీలన కోల్‌కతాలో జరుగుతుంది. దరఖాస్తు పని చేసిపెట్టే ఏజెంటు అడిగే మొత్తంలో ప్రభుత్వ ఫీజు ఇంతే. ఆపైది ఆయన కూలి, ఎంతో ముందే రాయించుకోండి.

చాలామంది దెబ్బతినేది తేదీ దగ్గర. దరఖాస్తు చేసే నాటికి ఆ డిజైన్ ఎక్కడా బయటపడి ఉండకూడదు. బయటపెట్టింది మీరే అయినా సరే, అది పాతబడినట్టే లెక్క. నాకు తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు పాల డెలివరీ యాప్ చేశారు. స్టోర్‌లో పెట్టారు, ఇన్‌స్టాలో స్క్రీన్లు పంచుకున్నారు, నాలుగు నెలల తర్వాత ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లారు. ఆయన తేదీ అడగలేదు, డబ్బు మాత్రం తీసుకున్నాడు. ఇలాంటిది పొరపాటున రిజిస్టరైనా, అవతలివాళ్లు ఆ పాత పోస్టు చూపించి సెక్షన్ 19 కింద రద్దు చేయించగలరు. క్లయింటుకు ముందే చూపించక తప్పకపోతే, గోప్యంగా ఉంచుతామని రాతపూర్వకంగా సంతకం తీసుకోండి.

రెండో చిక్కు దరఖాస్తుతో జతచేసే బొమ్మల షీటు. ఫోన్‌లో తీసిన స్క్రీన్‌షాట్‌ను అలాగే అంటించకండి. పైన టైము, బ్యాటరీ గుర్తు, మధ్యలో కంపెనీ లోగో, ‘ఆర్డర్ చేయండి’ అన్న అక్షరాలు, ఇవేవీ మీ డిజైన్ కావు. కొత్తదనం ఎక్కడుందో ఒక వాక్యంలో చెప్పి, అక్షరాల మీద, ట్రేడ్‌మార్కుల మీద హక్కు కోరడం లేదని షీటు మీదే రాయాలి.

‘స్క్రీన్ అనేది వస్తువు కాదు’ అని పరిశీలించేవాళ్ల నుంచి అభ్యంతరం వస్తే టెన్షన్ పడకండి, ఇది చాలామందికి వచ్చేదే. ఇదే తీరులో తిరస్కరించిన ఉత్తర్వును యూఎస్‌టీ గ్లోబల్ అనే ఐటీ కంపెనీ కేసులో కలకత్తా హైకోర్టు 2023 మార్చిలో కొట్టేసి, మళ్లీ పరిశీలించమంది. మీ జవాబులో ఆ తీర్పును ఉదహరించండి. అభ్యంతరాలన్నీ తీర్చడానికి గడువు దరఖాస్తు తేదీ నుంచి ఆరు నెలలు, నోటీసు అందిన రోజు నుంచి కాదు. చాలకపోతే ఫారం 18తో ఇంకో మూడు నెలలు అడగవచ్చు. ఇలాంటి అభ్యంతరాలు వస్తుంటాయి కాబట్టి స్క్రీన్ డిజైన్‌కు ‘గ్యారంటీ’ అనేవాళ్లను నమ్మవద్దు. ఏజెంటుకు అధికారమిచ్చే ఫారం 21 మీద ఖాళీగా ఉండగా సంతకం పెట్టవద్దు. దరఖాస్తు నంబరున్న రసీదు అదే రోజు తీసుకోండి, యజమాని పేరు దగ్గర మీ పేరే ఉందో లేదో చూసుకోండి.

రిజిస్టరైతే పదేళ్ల రక్షణ, గడువులోగా ఫీజు కడితే ఇంకో ఐదేళ్లు.

యాప్ ఇప్పటికే జనంలోకి వెళ్లిపోయినవాళ్లకు దారి మూసుకుపోలేదు. కోడ్‌కు కాపీరైట్ ఆఫీసు ఫారం 14తో 500 రూపాయలకు కాపీరైట్ రిజిస్టర్ చేసుకోవచ్చు, అయితే అది స్క్రీన్ రూపాన్ని కాపాడదు. తర్వాతి వెర్షన్‌లో స్క్రీన్‌ను స్పష్టంగా తేడా తెలిసేలా మారుస్తుంటే దానికి కొత్తగా దరఖాస్తు పెట్టవచ్చు. అప్‌డేట్ వదిలే రోజుకు ముందే పెట్టండి.