ఇంట్లో పాటలు వినడానికి పాత కంప్యూటర్ ఎలా ఎంచుకోవాలి?

పాటలు వినిపించే కంప్యూటర్‌కు వేగం పెద్దగా అక్కర్లేదు. అది చప్పుడు చేయకపోవడమే ముఖ్యం. హనుమకొండలోనో కాజీపేటలోనో పాత కంప్యూటర్ల షాపుకు వెళితే ముందు ప్రాసెసర్ పేరు చెబుతారు. మీరు ముందు ఫ్యాన్ సంగతి చూడండి. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పాత డెస్క్‌టాప్ ఫ్యాన్ హోరెత్తిపోతుంది, మెల్లగా సాగే ఆలాపన అందులో వినిపించదు.

పెంటియమ్ 4 కాలం నాటివి వద్దు. కరెంటు తింటాయి, వేడెక్కుతాయి. ఆఫీసుల నుంచి వచ్చే థిన్ క్లయింట్లు, అంటే సర్వర్‌కు కలిపి వాడే చిన్న పెట్టె కంప్యూటర్లు, దొరికితే వదలకండి. వీటిలో చాలావాటికి ఫ్యానే ఉండదు. ల్యాప్‌టాప్ కూడా మంచిదే, కాసేపు కరెంటు పోయినా పాట ఆగదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు.

తర్వాత 64 బిట్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్‌ను కలిపే సాటా కనెక్షన్ ఉన్నాయేమో అడగండి. సాటా ఉంటే పాత హార్డ్‌డిస్క్ తీసేసి, లోపల తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చు, ఆ గరగర కూడా పోతుంది. నాణ్యత తగ్గకుండా పాటను కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లో ఒక సీడీ దాదాపు 300 నుంచి 400 ఎంబీ అవుతుంది కాబట్టి 500 జీబీలో వెయ్యికి పైగా సీడీలు పడతాయి.

షాపుకు వెళ్లేటప్పుడు వాల్యూమియో ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్లు వెంట తీసుకెళ్లండి. పాటలు వినిపించే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది కాబట్టి కొనకముందే పరీక్షించవచ్చు. ఇంట్లో పెట్టాక పాటలు ఫోన్ నుంచే మార్చుకోవచ్చు, మానిటర్ అక్కర్లేదు. ఇయర్‌ఫోన్‌లో బుయ్‌మని వినిపించినంత మాత్రాన కంప్యూటర్‌ను పక్కన పెట్టేయకండి. యూఎస్‌బీ డాక్ (DAC), అంటే డిజిటల్ పాటను బయటే శబ్దంగా మార్చే చిన్న పరికరం, పెడితే చాలాసార్లు ఆ శబ్దం పోతుంది. ఛార్జర్ తీసేస్తే తగ్గుతుందేమో కూడా చూడండి. తగ్గితే తప్పు ఛార్జర్‌దే.

మీ ఇంట్లో అమ్మమ్మలు పాడిన బతుకమ్మ పాటల క్యాసెట్లుంటే మాత్రం నా సలహా వేరు. అప్పుడు డెస్క్‌టాప్ వైపే మొగ్గండి. దాని వెనక లేత నీలం రంగు సాకెట్ ఉంటే అదే లైన్ ఇన్. టేప్‌రికార్డర్ లైన్ అవుట్‌ను, అది లేకపోతే హెడ్‌ఫోన్ సాకెట్‌ను, వైరుతో దీనికి కలపండి. కంప్యూటర్‌లో, వాల్యూమియోలో కాకుండా విండోస్‌లోనో లినక్స్‌లోనో, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టి రికార్డు చేయండి. గులాబీ రంగు సాకెట్ మైక్ కోసం, అందులో పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది. గంట క్యాసెట్ ఎక్కించడానికి గంట పడుతుంది, వేవ్ ఫైలు సుమారు 600 ఎంబీ వస్తుంది. టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది, ఈ పని వాయిదా వేయకండి. ఆ గొంతులు మళ్లీ ఎక్కడా దొరకవు.

కొన్నాక బయోస్‌లో, అంటే కంప్యూటర్ మూల సెట్టింగులుండే చోట, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టుకోండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే, మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ మార్చండి.