పాత స్ప్లెండర్‌ను పిల్లల చేత విప్పించి, తిరిగి కట్టించడం

అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో ఏపీ 02 నంబరుతో మూలనపడిన పాత స్ప్లెండర్లు ఇంకా చాలా ఇళ్ల వసారాల్లో కనిపిస్తాయి. చేతిపని నేర్చుకోవాలనుకునే పిల్లలకు అంతకంటే మంచి పాఠం దొరకదని నా నమ్మకం. అది 97.2 సీసీల ఒంటి సిలిండరు ఇంజన్; ఇద్దరు కలిసి బల్ల మీదికి ఎత్తిపెట్టగలిగినంత చిన్నది.

ముందుగా ఆర్‌సీ పుస్తకంలోని ఛాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది కనుక, దాన్ని పునరుద్ధరించుకున్న తరువాతే బండిని రోడ్డెక్కించాలి. పెట్రోలు మొత్తం దించేసి, గాలి ఆడే చోట, పొయ్యికీ బీడీ నిప్పుకూ దూరంగా పని మొదలుపెట్టాలి.

విప్పడంలో తొందర పనికిరాదు. ఏ భాగపు బోల్టులను ఆ భాగం పేరు రాసిన డబ్బాలోనే వేయించాలి. ప్రతి వైరునూ ఊడదీసేముందు ఫోటో తీయించాలి. స్పానరును మీరు పట్టుకోకండి. చూస్తూ నిలబడిన పిల్లవాడికి పని రాదు.

సిలిండరు పైకి తీయగానే దాని కింద ఉండే క్రాంక్ కేసు (ఇంజన్ అడుగు పెట్టె) నోటిని శుభ్రమైన నూలుగుడ్డతో మూయాలి. ఒకసారి మా దగ్గర ఒక కుర్రవాడు పిస్టన్ పిన్ను జారిపోకుండా పట్టి ఉంచే చిన్న తీగ లాక్ తీస్తుండగా అది ఎగిరి లోపల పడింది. గుడ్డ పెట్టమని చెప్పడం నేను మరిచిపోవడంతో కేసు మొత్తం విప్పవలసి వచ్చింది.

ఇక్కడి ఎర్రమట్టి దారుల దుమ్ము, చిరిగిన ఎయిర్ ఫిల్టరు గుండా లోపలికి పోయి సిలిండరును అరగదీస్తుంది. పొగ నీలంగా రావడానికి తరచూ అదే కారణం. అరుగుదలను కంటితో అంచనా వేయనివ్వకండి. పిస్టన్ చుట్టూ ఉండే రింగును సిలిండరులోకి దింపి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి, దాని రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకుల కట్ట) ప్రతి పిల్లవాడూ కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. సందు మాన్యువల్‌లోని హద్దు దాటితే కొత్త రింగులు వేయాలి. సిలిండరే అరిగి ఉంటే లేత్ షాపులో బోరింగ్ చేయించి (లోపలి గోడను సమంగా కోయించి), 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజు పిస్టన్ వేయించాలి.

కొత్త రింగుల మీది గుర్తు పైకి ఉండాలి. వాటి సందులు ఒకే వరుసలోకి రాకుండా, ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో ఉండాలి. పిన్ను లాక్‌లు మాత్రం తప్పకుండా కొత్తవే వాడాలి. మాగ్నెట్ (క్రాంకు కొసన తిరిగే చక్రం) మీది 'టి' గుర్తు కేసు మీది గుర్తుకు ఎదురుగా వచ్చినప్పుడే వాల్వులను నడిపే టైమింగ్ చైన్ ఎక్కించాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజన్ సరిగా నడవదు. సిలిండరు పై మూత అయిన హెడ్ నట్లను ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించాలి.

ఆయిల్ పోశాక, ప్లగ్ తీసే ఉంచి ఇరవై ముప్పై కిక్కులు కొట్టించి, నూనె పైదాకా ఎక్కిన తరువాతే స్టార్ట్ చేయించాలి. 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాక ఆ ఆయిల్‌ను తెల్లగుడ్డలో వడకట్టి, అడుగున మెరిసే లోహపు రజను ఎంత ఉందో, ఏ భాగం నుంచి వచ్చి ఉంటుందో పిల్లల చేతనే చెప్పించండి.