ప్రాజెక్టులో కలిపేసుకున్న లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చడం ఎలా?

2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ అనే ఇమేజ్ లైబ్రరీలో (లైబ్రరీ అంటే ఎవరైనా తమ ప్రోగ్రామ్‌లో వాడుకునేలా రాసిపెట్టిన కోడ్) ప్రమాదకరమైన లోపం బయటపడింది. 1.3.2 వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. అయినా పని అక్కడితో తీరలేదు. బ్రౌజర్లు, చాట్ యాప్‌లు ఆ కోడ్‌ను తమలోనే కలిపేసుకుని ఉన్నాయి, దాంతో ఎవరి కాపీని వాళ్లే మార్చుకోవాల్సి వచ్చింది. మీ ప్రాజెక్టులోనూ 'థర్డ్ పార్టీ' అనో 'వెండర్' అనో ఒక ఫోల్డర్ ఉంటే, ఈ పని ఎప్పుడో ఒకప్పుడు మీ మీద పడుతుంది.

పాత ఫైళ్లు తీసేసి కొత్తవి పెట్టడమే కదా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని ఒకసారి దెబ్బతిన్నాను. ఆ ఫోల్డర్లో ఎవరో ఎప్పుడో విండోస్ కోసం చేసిన మూడు లైన్ల మార్పు ఉంది. అది ఎగిరిపోయింది. నా లైనక్స్ మెషీన్‌లో టెస్టులన్నీ పాస్, విండోస్ వాడేవాళ్లకు మాత్రం ప్రోగ్రామ్ తెరుచుకోలేదు.

1. మీ దగ్గరున్నది ఏ వెర్షనో తేల్చుకోండి. జీలిబ్, ఎస్‌క్యూలైట్ లాంటివైతే హెడర్ ఫైల్లోనే నంబరు రాసి ఉంటుంది. లేకపోతే కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో లాగ్ తిరగెయ్యండి.

2. అసలు కష్టమంతా ఇక్కడే. కొత్త వెర్షన్ జోలికి వెళ్లకముందే, అదే పాత వెర్షన్ ఒరిజినల్‌ను దించుకుని మీ ఫోల్డర్‌తో డిఫ్ చేసి (లైన్ల వారీగా తేడాలు పోల్చి) చూడండి. వందల లైన్లు వచ్చిపడితే కంగారొద్దు. చాలావరకు లైన్ చివరి అక్షరాల తేడాలే, వాటిని పట్టించుకోవద్దని డిఫ్‌కు చెప్పొచ్చు. అవసరం లేదని మీవాళ్లు తీసేసిన టెస్టులు, డాక్యుమెంట్లు కూడా కనిపిస్తాయి. ఇవన్నీ పోగా మిగిలినవే మీవాళ్లు చేసిన మార్పులు. ఒక్కోదాన్నీ విడి ప్యాచ్ ఫైలుగా (ఆ మార్పు మాత్రమే ఉండే ఫైలుగా) దాచండి. ఎందుకు చేశారో, ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో వెతకండి. కొత్త వెర్షన్‌లో అదే పని ఆ లైబ్రరీవాళ్లే చేసేసి ఉంటే ఆ ప్యాచ్‌ను సంతోషంగా పారెయ్యొచ్చు.

3. కొత్త వెర్షన్‌ను అధికారిక చోటు నుంచే తీసుకుని, విడుదల చేసినవాళ్ల డిజిటల్ సంతకం సరిచూడండి. సంతకం ఒక్కటే చాలదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగకోడ్ దొరికింది. దాన్ని బిల్డ్‌లోకి లాగే ఫైలు విడుదల చేసిన టార్‌బాల్‌లోనే (సోర్స్ కోడ్‌ను కట్టగట్టి ఇచ్చే ఫైలులోనే) ఉంది, గిట్‌లో లేదు. కాబట్టి టార్‌బాల్‌ను గిట్ ట్యాగ్‌తో (గిట్‌లో ఆ వెర్షన్‌కు గుర్తుపెట్టిన కోడ్‌తో) ఒకసారి పోల్చండి.

4. పాత ఫోల్డర్‌ను పూర్తిగా ఖాళీ చేశాకే కొత్తది పెట్టండి. పాతవాటి మీదే కాపీ చేస్తే, లైబ్రరీవాళ్లు తీసేసిన ఫైళ్లు మీ దగ్గర దెయ్యాల్లా మిగిలిపోతాయి. ముట్టుకోని ఒరిజినల్‌ను ఒక కమిట్‌గా (గిట్‌లో ఒక మార్పుగా), మీ ప్యాచ్‌లను ఇంకో కమిట్‌గా పెట్టండి. రెండూ కలిపేస్తే రివ్యూ చేసేవాళ్లకు నరకమే.

5. సీమేక్ లాంటి బిల్డ్ ఫైళ్లలో సోర్స్ ఫైళ్ల జాబితా సరిచేయండి. లైసెన్స్ ఫైలు మారిందేమో కూడా ఒక చూపు చూడండి.

6. ఇక టెస్టులు. ముందుగా ఒక అనుమానం తీర్చుకోండి: నడుస్తున్నది మీరు పెట్టిన కాపీయేనా? సిస్టమ్‌లో అదే లైబ్రరీ ఉంటే కంపైలర్ నిశ్శబ్దంగా దాన్ని తగిలించుకోవచ్చు. జీలిబ్‌కైతే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెర్షన్ చెప్పే ఫంక్షన్ ఉంది. దాన్ని పిలిచి ప్రింట్ చేయించండి. పాత నంబరే వస్తే ఇప్పటిదాకా మీరు పరీక్షించింది వేరే లైబ్రరీని. ఆ తర్వాత మీరు సపోర్ట్ చేసే ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ మీదా నడపండి.

7. మార్పులను కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్‌లో పాత నంబరు, కొత్త నంబరు, ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ ప్యాచ్ ఉంచారు, ఏది తీసేశారు అన్నవి రాయండి. ఇవే వివరాలతో ఆ ఫోల్డర్లో ఒక రీడ్‌మీ కూడా పెట్టండి. వచ్చేసారి ఈ పని చేసేవాళ్లకు రెండో మెట్టు అరగంటలో తెమిలిపోతుంది. ఆ మనిషి మీరే కావచ్చు.