అమ్మానాన్నల పాత ఇల్లు అద్దెకిస్తున్నారా? ఏ లక్షణం వెనక ఏ లోపం, దానికేం చేయాలి

పుట్టి పెరిగిన ఇంట్లో లోపాలు మనకు ఓ పట్టాన కనపడవు. ఏళ్ల తరబడి వాటితో సర్దుకుపోయి ఉంటాం. "మోటరు వేసినప్పుడు గీజరు వెయ్యకు", "ఆ తలుపు కాస్త పైకెత్తి గడియ పెట్టాలి", "వానాకాలం ఆ మూల బీరువా ఉంచద్దు", "ఆ స్విచ్ తడి చేత్తో ముట్టుకోకు". ఇలాంటి మాటలు ప్రతి పాత ఇంట్లోనూ ఉంటాయి. ఇల్లు బాగుందని మనం అనుకునేది చాలావరకు ఈ జాగ్రత్తల మీద నడిచిన సంసారమే. అద్దెకొచ్చేవాళ్లకు ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అందుకే మేస్త్రిని పిలిచే ముందు అమ్మ దగ్గర కూర్చుని, ఇంట్లో ఎక్కడెక్కడ ఏం జాగ్రత్త పడేవారో అడిగి రాసుకోండి. ఆ కాగితమే మీ పనుల పట్టిక. ఇక్కడ నేను రాస్తున్నది కోస్తా ఊళ్లలో 1970, 80ల్లో కట్టిన ఇటుక గోడల శ్లాబు ఇళ్ల గురించి. మా తెనాలి ఇల్లూ అలాంటిదే. పనుల వరస మాత్రం తప్పకూడదు: ముందు నీళ్లు, తర్వాత కరెంటు, ఆ తర్వాత తలుపులు, అన్నిటికంటే చివర రంగు. తొందరపడి రంగుతో మొదలుపెడితే మొదటి వానాకాలానికే మళ్లీ పని పెట్టుకోవాలి.

శ్లాబు పెచ్చులు ఊడుతున్నాయి, చువ్వలు కనపడుతున్నాయి

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే, ఎందుకంటే ఇది మనుషుల నెత్తిన పడేది. పైనుంచి దిగిన నీళ్లు కాంక్రీటు లోపలి చువ్వను తుప్పు పట్టిస్తాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కింది కాంక్రీటును బయటికి నెడుతుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు మెత్తి సున్నం కొట్టిస్తే లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. కొన్నాళ్లకు మెత్తిన సిమెంటుతో సహా ఊడిపడుతుంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ముందు ఎంతమేర పాడైందో తేల్చుకోవాలి. నిచ్చెనేసుకుని చిన్న సుత్తితో శ్లాబు కింది భాగమంతా తట్టుకుంటూ వెళ్లండి. బాగున్న చోట ఖంగున మోగుతుంది, విడిపోయిన చోట బోలుగా డబడబమంటుంది. బోలు మోగిన చోటల్లా సుద్దతో గీత గీయండి. పైకి నున్నగా ఉన్న చోట్ల కూడా గీతలు పడతాయి, కంగారు పడకండి. కిటికీల మీది సన్‌షేడ్లు మాత్రం తప్పకుండా తట్టి చూడండి. అవి పలచగా ఉంటాయి, ఎండావానా నేరుగా తగులుతాయి, అన్నిటికంటే ముందు పోయేవి అవే.

బాగుచేయడం ఇలా. గీత గీసిన మేర వదులైన కాంక్రీటంతా కొట్టేయాలి. చువ్వ వెనకవైపు కూడా వేలు దూరేంత చోటు చేయాలి. వైరు బ్రష్‌తో చువ్వను మెరిసేదాకా రుద్దించాలి. మేస్త్రులు తొందరలో వదిలేసేది ఈ దశనే, దగ్గరుండి చూసుకోండి. తర్వాత తుప్పు పట్టకుండా చువ్వలకు జింకు ప్రైమరు, పాత కాంక్రీటుకు కొత్తది అతుక్కునేలా బాండింగ్ కోటు, ఆపైన మామూలు సిమెంటు కాకుండా పాలిమర్ కలిపిన మోర్టారు పొరలు పొరలుగా వేయాలి. చువ్వ సన్నబడిపోయినా, శ్లాబు మధ్యలో కుంగినట్టున్నా, బీము పొడుగునా చీలిక ఉన్నా ఇది మేస్త్రితో అయ్యే పని కాదు. కింద సపోర్టులు పెట్టించి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఆ ఫీజు దగ్గర లెక్క చూసుకోకండి.

కింద ఎంత చేసినా పైన నీళ్లు ఆగకపోతే దండగ. డాబా మీద నీళ్లు దిగేది ఎక్కువగా మూడు చోట్ల: పిట్టగోడ శ్లాబును కలిసే మూల, వాననీటి తూము మూతి, ట్యాంకు దిమ్మె చుట్టూ. తూముకు గుడ్డలు కుక్కి నాలుగంగుళాల నీళ్లు రెండురోజులు నిలబెట్టి చూడమని చాలామంది చెబుతారు. కొత్త శ్లాబుకైతే సరే. నాలుగంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువు. చువ్వలు తేలిన శ్లాబు మీద ఆ పని వద్దు. ఒక్కో భాగం మీద తడి గోనెసంచులు పరిచి, తడుపుతూ, కింద ఎక్కడ మరక వస్తుందో చూసుకుంటే చాలు. బాగుచేసేటప్పుడు మూలలు గుండ్రంగా తీర్పించి, తూము వైపు 100 అడుగులకు ఒక అడుగు వాలు ఉండేలా చూడండి. పాత పూత తీయకుండా దాని మీద ఇంకో పొర, ఆపైన టైల్స్ అంటూ బరువు పెంచవద్దు. పిట్టగోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కను పైపైన పీకితే మళ్లీ వస్తుంది. ఆ చోట గోడ విప్పి, వేరు మొత్తం తీయించాకే పూడ్చాలి.

గోడకు చెమ్మ, రంగు ఉబ్బి రాలుతోంది

చెమ్మ ఏ ఎత్తులో ఉందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా, ఎండాకాలంలోనూ ఉంటే నేల తేమ పైకి పాకుతోంది. గోడ మధ్యలో ఒకచోట మచ్చలా ఉంటే లోపల పైపు కారుతోంది. పైనుంచి కిందికి చారలు కడితే శ్లాబు. వాన కొట్టే వైపు బయటి గోడకే ఉంటే బయటి పూతలో పగుళ్లు. బాత్రూము ఆనుకున్న గదిలో ఉంటే బాత్రూము నేల.

వీటిలో మొండిది నేల నుంచి పాకేది. గోడ మీద తెల్లగా ఉప్పులాంటి పొడి తేలుతుంది, గోటితో గీకితే పూత ఇసకలా రాలుతుంది. పునాది పైన తేమను ఆపే పొర పాతబడిపోవడమో, అసలు వేయకపోవడమో కారణం. మన ఊళ్లలో ఇంకో కారణం ఉంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయి, ఇల్లు రోడ్డు కంటే పల్లమైపోతుంది. వాననీళ్లు గోడను ఆనుకునే నిలుస్తాయి. అలాంటప్పుడు ముందు బయట పని చేయించాలి. గోడ చుట్టూ మట్టి తగ్గించి, మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు గచ్చు, దాని అంచున కాలవ పెట్టించండి. గోడకు చేర్చి పెంచిన పూలమడి ఉంటే తీసేయండి.

ఆ తర్వాత లోపల, చెమ్మ గీత కంటే ఒక అడుగు పైదాకా పూత కొట్టేసి ఇటుక ఆరనివ్వాలి. ఎండాకాలమే దీనికి సరైన కాలం. తేలిన ఉప్పును తడిగుడ్డతో తుడవకుండా పొడి బ్రష్‌తో దులపాలి, తడిపితే మళ్లీ ఇటుకలోకే పోతుంది. గోడకు వరసగా రంధ్రాలు చేసి తేమను ఆపే మందు ఎక్కించే పద్ధతీ ఉంది, బాగా తెలిసినవాళ్లు చేస్తే పనిచేస్తుంది. చెమ్మ గోడకు టైల్స్ అంటించి కప్పేయమని ఎవరైనా చెబితే వినకండి. తేమ బయటికి పోయే దారి లేక టైల్స్ కంటే పైకెక్కి అక్కడ రంగును ఊడదీస్తుంది. ఎనామిల్ రంగుతోనూ అంతే.

కిటికీ మూల నుంచి ఏటవాలు పగులు

పూతలో వెంట్రుకలాంటి పగుళ్లయితే పుట్టీతో పోతాయి. కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా పాకినవి వేరు. గుంటూరు, కృష్ణా నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, దానితోపాటు పునాదీ కదులుతుంది. పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడండి. పెరగకపోతే పూడ్చి వదిలేయొచ్చు. పెరుగుతుంటే ఇంజనీరుకు చూపించాలి. ఈలోగా పునాది దగ్గర నీళ్లు నిలవకుండా చూసుకోవడమే మందు.

గీజరు వేస్తే లైట్లు మందగిస్తున్నాయి, ట్యాపు ముట్టుకుంటే జిల్లుమంటోంది

రెండోది అసలు ఉపేక్షించేది కాదు. ఎర్తింగు లేకపోవడం, గీజరు కాయిలు లోపల పాడవడం, ఈ రెండూ కలిస్తే వచ్చేది అదే. వెంటనే గీజరు మెయిను తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పాత ఇళ్ల వైరింగు నాలుగు లైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ కోసం వేసింది. ఇప్పుడొచ్చేవాళ్లు రాగానే టన్నున్నర ఏసీ పెడతారు, అది సుమారు ఒకటిన్నర కిలోవాట్. గీజరు రెండు కిలోవాట్లు, ఇస్త్రీ పెట్టె ఒకటి, మోటరు అర, అన్నీ కలిసి ఐదు కిలోవాట్లు, అంటే 20 ఆంపియర్లకు పైనే. పింగాణీ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అప్పుడు ఫ్యూజు బదులు గోడలో వైరు కాలుతుంది.

అతుకులు వేయించకుండా మొత్తం వైరింగు మార్పించండి. లైట్లకు 1.5, మామూలు ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజరులకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఒక్కోదానికి విడి ఎంసీబీ (లోడు మించితే తనంతట ఆగిపోయే స్విచ్), మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), కొత్త ఎర్తింగు గొయ్యి. డబ్బు తక్కువైతే వంటగది సోకులు తగ్గించుకోండి గానీ ఇక్కడ తగ్గించవద్దు. మీటరు మీద మంజూరైన లోడు ఎంతో బిల్లులో ఉంటుంది, అది చాలకపోతే విద్యుత్ సంస్థకు అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. రెండు పోర్షన్లుగా ఇస్తుంటే విడి మీటర్లు పెట్టించండి. కరెంటు బిల్లు పంపకం దగ్గర వచ్చే గొడవలు, టెన్షన్ అంతా పోతాయి.

ట్యాపులో నీళ్లు సన్నగా, పొద్దున్నే ఎర్రగా వస్తున్నాయి

పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు లోపల తుప్పు పేరుకుని దారి మూసుకుపోతోంది. ట్యాపులు మార్చినా, పెద్ద మోటరు పెట్టినా లాభం లేదు, పైగా ఒత్తిడికి పైపు పగులుతుంది. సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వేయించండి, వేడినీళ్లకూ పనికొస్తాయి. సగం పాతవి ఉంచి సగం కొత్తవి కలిపితే మళ్లీ గోడ పగలగొట్టాల్సి వస్తుంది. ఒక్కో బాత్రూముకు విడి వాల్వు పెట్టించడం మరవకండి. టైల్స్ అంటించే ముందే బాత్రూము తూము మూసి ఒకరోజు నీళ్లు నిలిపి, పక్క గది గోడ చూసుకోవాలి.

మూసి ఉన్న ఇంట్లో కుళ్లు వాసన

చాలాసార్లు సెప్టిక్ ట్యాంకు తప్పేం ఉండదు. వాడకం లేక బాత్రూము ట్రాపుల్లో (వాసన రాకుండా నీళ్లు నిలిచే తూము కింది వంపుల్లో) నీళ్లు ఆవిరైపోయి, గొట్టంలోంచి వాసన లోపలికి వస్తుంది. ప్రతి తూములో రెండు చెంబుల నీళ్లు పోయండి. అప్పటికీ పోకపోతే ట్యాంకు గాలిగొట్టం చూడండి.

తలుపు పట్టేస్తోంది, ద్వారబంధం బోలుగా మోగుతోంది

వానాకాలంలో పట్టేసిన తలుపును అప్పుడే చిత్రిక పట్టిస్తే ఎండాకాలానికి సందు పడుతుంది. ఆరేదాకా ఆగండి. ముందు కీలు మరలు వదులయ్యాయేమో చూడండి, ఎక్కువసార్లు సమస్య అక్కడే. రంధ్రంలో జిగురు పూసిన చెక్కముక్క దిగ్గొట్టి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ద్వారబంధం బోలుగా మోగినా, గోడ మీద మట్టి గీతలు పాకినా చెదలు. పైన కిరసనాయిలు పూస్తే అవి పక్క గుమ్మానికి పోతాయి తప్ప చావవు. నేల, గోడ కలిసే చోట అడుగుకొకటి చొప్పున రంధ్రాలు చేసి మందు ఎక్కించాలి. లైసెన్సు ఉన్నవాళ్ల చేత చేయించండి. పాత టేకు గుమ్మాలు మాత్రం తొందరపడి తీసేయకండి, పాడైన అడుగు భాగం కోసి అతికే వడ్రంగులు ఇంకా ఉన్నారు.

నాపరాళ్ల గచ్చు కూడా అంతే, పాలిష్ పట్టిస్తే చాలు. గచ్చు మార్చకుండా మిగిలిన డబ్బు దోమల మెష్‌కు, వాషింగ్ మెషీన్‌కు ట్యాపు, తూము, ప్లగ్గు ఒకేచోట పెట్టించడానికి వాడండి. ఇల్లు చూడటానికొచ్చేవాళ్లు మొదట అడిగేది అవే.

కరెంటు బిల్లు ఇంకా తాతగారి పేరు మీదే ఉంది

మీటరు పేరు, ఇంటిపన్ను పేరు మార్పించుకోండి. ఆస్తి ఇంకా పంచుకోకపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సమ్మతి కాగితం మీద ఉంచుకోండి. చాలామంది 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు, దానికి రిజిస్ట్రేషన్ కావాలో లేదో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. అద్దె ఆదాయంలో ఇంటిపన్ను పోను మిగిలినదానిలో 30 శాతం తగ్గింపు ఎలాగూ వస్తుంది. మరమ్మతు బిల్లులు విడిగా చూపించుకోవడానికి ఆదాయపు పన్నులో వీల్లేదు. అయినా బిల్లులు దాచండి, ఏ గోడలో ఏ పైపు ఎటు పోయిందో పూత వేయకముందే ఫొటోలు తీసుకోండి. తాళాలిచ్చే రోజు మీటరు రీడింగు అగ్రిమెంటులో రాసి, మెయిన్ స్విచ్, నీళ్ల వాల్వులు ఎక్కడున్నాయో వాళ్లను వెంటబెట్టుకుని చూపించండి.